కర్ర మనది, కోత లెక్క కూడా మనదే కావాలి

ప్రకాశం, కృష్ణా జిల్లాల్లో సుబాబుల్, జామాయిల్ వేసినవాళ్లలో రెండు మూడెకరాల రైతులూ ఉన్నారు. ధర బాగున్న ఏడాది ఊరంతా ఒకేసారి నాటుతుంది. నాలుగేళ్లకు ఊరంతా ఒకేసారి కోతకొస్తుంది. అప్పుడు కోత ముఠాలు దొరకవు, లారీలు దొరకవు. నరికిన కర్ర ఎండలో ఆరి కాటా మీద తేలిపోతుంది. ఆ నష్టం మిల్లుకు కాదు, దళారికీ కాదు, మనకే. ప్రకటించిన ధర ఇప్పించాలనే మన పోరాటం ఆగదు. కానీ ఎవరి చేను వారిదిగా ఉన్నంతకాలం బేరం మన చేతికి రాదు.

అందుకే ఊరి పటం ముందేసుకుని కూర్చోవాలి. ఏ సర్వే నంబరులో ఏ ఏడు నాటారో రాస్తే, ఏ ఏడు ఎంత కర్ర వస్తుందో తేలుతుంది. ఊళ్లో 200 ఎకరాల తోటలున్నాయనుకోండి. ఏటా 50 ఎకరాలు కోస్తే నాలుగేళ్లకు చుట్టు పూర్తవుతుంది. మోడు మళ్లీ చిగురిస్తుంది, వరుస సాగుతుంది. పిల్ల పెళ్లి, ఆసుపత్రి ఖర్చు వరుస చూసి రావు కదా అంటారు, నిజమే. అలాంటివాళ్లు ముందు కోసుకునేలా మార్పిడికి ఒప్పుకోవాలి.

చెరువుకు నీళ్లు దిగే వాలంతా జామాయిలే అయితే కింది మాగాణి రైతు ఏమైపోవాలి? వాగు గట్టున కానుగ, వేప, చింత ఉండనివ్వాలి. లారీ తిరిగే డొంక ఎవరూ కలుపుకోకూడదు. వేసవిలో నిప్పు ఒక తోట నుంచి ఇంకో తోటకు దాటకుండా అడ్డుకునేదీ ఆ ఖాళీయే.

ఇది ఊహ కాదు. దక్షిణ స్వీడన్‌లో కుటుంబాల అడవులున్న రైతులు 1938లో సోద్రా సహకార సంఘం పెట్టుకున్నారు. నేడు 50 వేల మందికి పైగా సభ్యులు, గుజ్జు మిల్లులూ వాళ్లవే. మనం మిల్లు దాకా ఇప్పుడే పోనక్కర్లేదు, సొంత కాటా ఒకటి చాలు.

అసలు చిక్కు కౌలు రైతుది. 2019 చట్టం కింద ఇచ్చే సాగుదారు పత్రం 11 నెలలకే, చెట్టేమో నాలుగేళ్లది. కర్ర తోటలకు కోత దాకా చెల్లే పత్రం ఇవ్వాలని ప్రభుత్వాన్ని అడుగుతున్నాం. ఈలోగా ప్రతి గ్రామ కమిటీ, భూమి ఎవరిదో నాటింది ఎవరో రెండూ రాసి, నాటిన ఏడుతో సహా జాబితా తయారుచేసి మండల కమిటీకి పంపాలి.