కారుకు హిచ్ పెట్టించే ముందు ఎడ్లబండిని గుర్తు చేసుకోండి

మల్కాజ్‌గిరిలో ఆనంద్‌బాగ్ నుంచి సఫిల్‌గూడ దాకా గల్లీల్లో నడిచి చూడండి. ఇళ్ల ముందు ఆగిన పెద్ద కార్లలో కొన్నిటి వెనక ఇనుప కొక్కెం, దాని కొసకు మెరిసే గుండు కనపడతది. దాన్నే హిచ్ అంటరు. ట్రాలీ తగిలించేటందుకు చేసిన వస్తువు అది. ట్రాలీ ఏదని అడిగితే చాలామందికి లేదు. వెనక నుంచి ఎవరన్నా గుద్దితే బంపర్ కాపాడతదని పెట్టించినమంటరు.

అది కాపాడదు. నలగడమే బంపర్ పని. అది నలిగితేనే లోపల కూర్చున్నోళ్ల మెడకు దెబ్బ తగ్గుతది. చాసిస్‌కు బిగించిన కొక్కెం నలగదు, దెబ్బను నేరుగా లోపలికి పంపుతది. వెనక వచ్చేది బైకు మీది పిల్లగాడైతే ఆ ఇనుప గుండు వాని కాలికి తగులుతది. ముందు వైపు బిగించే బుల్ గార్డులు మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52కు విరుద్ధమని కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబరులో రాష్ట్రాలకు రాసింది. వెనక ఉత్తగ వేలాడే కొక్కేనికీ అదే న్యాయం ఉండాలని నా అభిప్రాయం. ట్రాలీ లేనోళ్లకు హిచ్ ఎందుకు?

ఇక నిజంగ అవసరమున్నోళ్ల సంగతి. ఇల్లు ఇక్కడ, కీసర దిక్కో శామీర్‌పేట దిక్కో అరెకరం, ఎకరం ఉన్నోళ్లు అడుగుతున్నరు. ఎరువు బస్తాలు, డ్రిప్ పైపులు, నీళ్ల ట్యాంకు మన కారుకే తగిలిస్తే కిరాయి మిగులుతది గదా అని. మిగలొచ్చు. కాని "మా హిచ్ రెండు టన్నులు గుంజుతది" అని దుకాణంల చెప్పే మాట పట్టుకొని పోకండి. హిచ్ గుంజుతది సరే, మీ కారు గుంజుతదా? కారు, హిచ్, గుండు, ట్రాలీ, టైర్లు, వీటిలో ఏది అన్నిటికన్నా తక్కువ మోస్తదో అదే మీ హద్దు.

అందుకే ముందు కారుతో వచ్చిన పుస్తకం తీయండి. బ్రేకున్న ట్రాలీకి ఎంత, లేనిదానికి ఎంత అని అందులో ఉందో చూడండి. లేకపోతే, లేదా వద్దని రాసుంటే, ఆ కారుకు హిచ్ మాట మరిచిపోండి. బొలెరో, స్కార్పియో ఎన్, ఫార్చూనర్‌లకు కింద నిచ్చెన లాంటి చాసిస్ ఉంటది. క్రెటా, బ్రెజ్జాలకు అది వేరుగా ఉండదు, బాడీయే అన్నీ మోస్తది. దానికి ఎక్కడపడితే అక్కడ వెల్డింగ్ కొట్టిస్తే రేకు చినుగుతది. అమెరికాలో హిచ్‌లకు తరగతులున్నయి. మొదటి తరగతిది 2000 పౌండ్ల దాకా, అంటే సుమారు 907 కిలోలు. రెండోది 3500 పౌండ్లు, సుమారు 1588 కిలోలు. ఆ లెక్క వస్తువు మీదనే ఉంటది. మన గల్లీ వెల్డింగ్ కొక్కెం మీద ఏ అంకె ఉంటది?

బరువు ఎట్ల పేర్చాలన్నది ఎడ్లబండి తోలినోళ్లకు చెప్పాల్సిన పని లేదు. వెనక బరువైతే నొగ పైకి లేస్తది, ముందు బరువైతే ఎడ్ల మెడ పుండు పడతది. ఇక్కడా అంతే. వెనక బరువైన ట్రాలీ వేగంలో పాములెక్క ఊగి కారునే ఈడ్చుకపోతది. అమెరికాలో మొత్తం ట్రాలీ బరువులో 10 నుంచి 15 శాతం గుండు మీద పడాలంటరు. మన కారు పుస్తకంల వేరే అంకె ఉంటే అదే పాటించాలె. ఆ భారం కారు మోసే బరువులోకే వస్తది. లోపల ఏడుగురిని కూర్చోబెట్టి, వెనక ట్రాలీ కూడా తగిలిస్తే లెక్క తప్పుతది. గుండు కొలతా చూడండి. 50 మిల్లీమీటర్లది, రెండంగుళాలది చూపుకు ఒక్కతీరే, కాని రెండంగుళాలంటే 50.8. ట్రాలీ కప్పు ఏ కొలతదో గుండు అదే కొలతది కావాలె. రెండు సేఫ్టీ గొలుసులు, వెనక లైట్లు తప్పనిసరి.

గుంజుడు కన్నా ఆపుడు కష్టం. యూరప్‌లో బ్రేకులేని ట్రాలీ, సరుకుతో కలిపి 750 కిలోలు దాటొద్దు. 500 లీటర్ల ట్యాంకు నింపితే నీళ్లే 500 కిలోలు. ట్రాలీ ఇనుము 250 ఉంటే హద్దు అక్కడికే వచ్చింది. సగం నింపితే నీళ్లు అటూఇటూ కొట్టుకొని ఇంకో తిప్పలు.

మన చట్టం ప్రకారం ట్రాలీ కూడా మోటారు వాహనమే. దానికి రిజిస్ట్రేషన్, నంబర్ ప్లేటు, ఇన్సూరెన్స్ వేరుగా కావాలె. ఇవి లేకుండ ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ కంపెనీతో వాదించే ఓపిక మీకుందా?

నా మాట ఇది. వారం వారం బరువు మోసేటోళ్లు, పుస్తకం ఒప్పుకున్న కారుకు, కంపెనీ అంకె వేసిన హిచ్‌నే పెట్టించుకోండి, పని కాంగనే గుండు విప్పి లోపల పెట్టండి. ఏడాదికి నాలుగుసార్లు ఎరువు తెచ్చేటోళ్లు ట్రాలీ ఆటో మాట్లాడుకోండి. పది యూరియా బస్తాలంటే 450 కిలోలు, దానికి ఆ బండే సరి. కిరాయి మిగిలిచ్చుకునేది ఇంట్లోళ్ల కోసమే గదా, వాళ్లు కూర్చునేదీ ఆ కారులోనే.

ట్రాలీ తోలే అనుభవమున్నోళ్లు మీ లెక్క కూడా కింద రాయండి, నలుగురికి పనికొస్తది.