కూటి కోసం ఒక ఫొటో, కంటి కోసం ఒక ఫొటో

కూటి కోసం కోటి విద్యలు అన్నారు పెద్దలు. ఆ కోటిలో భవనాలను ఫొటో తీయడం కూడా ఒకటి. కట్టిన బిల్డరు, ప్లాను గీసిన ఆర్కిటెక్టు డబ్బిచ్చి తీయించుకుంటారు. వాళ్లకు కావలసింది మెరిసే గోడ, నీలి ఆకాశం, పచ్చగడ్డి. తీసేవాడి కంటికి ఇంకేదో కనిపిస్తుంది. మరి డబ్బిచ్చినవాడి మాట వినాలా, తన మనసు మాట వినాలా? రేపు హాస్టల్ గేటు దాటి ఉద్యోగాల్లో చేరే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు కూడా ఈ ప్రశ్న ఎదురవుతుంది. అందుకే ఈ విషయం ఎంచుకున్నాను.

కళ కావాలంటే ఉద్యోగం వదులుకోవాలని కొందరంటారు. ముందు స్థిరపడు, సరదాలు తర్వాత అని ఇంకొందరంటారు. రెండింటినీ నేను ఒప్పుకోను.

మన హైదరాబాదుతో ముడిపడిన రాజా దీన్ దయాళ్ సంగతే చూడండి. ఆయన 1844లో మీరట్ దగ్గర సర్ధనాలో పుట్టారు. రూర్కీలో ఇంజనీరింగ్ చదివి, ఇండోర్ పబ్లిక్ వర్క్స్ శాఖలో ప్లాన్లు గీసే ఉద్యోగంలో చేరారు. ఆ ఉద్యోగం చేస్తూనే కెమెరా పట్టారు. గ్వాలియర్, ఖజురహో, సాంచి కట్టడాలను ఆయన తీసిన ఫొటోలతో 1886లో పుస్తకం వచ్చింది. తర్వాత ఆరవ నిజాం కొలువులో ఫొటోగ్రాఫరయ్యారు. సికింద్రాబాదులో స్టూడియో పెట్టారు. 1894లో నిజాం ఆయనకు రాజా బిరుదునిచ్చారు. దొరల వేటలు, విందులు, రాజభవనాలు అన్నీ ఒకరు చెప్పి చేయించుకున్న పనులే. అయినా ఆ కట్టడాల ఫొటోల్లో ప్లాను గీసిన చెయ్యి తెలిసిపోతుంది. ఆయన 1905లో కన్నుమూశారు. 2006లో తపాలా శాఖ ఆయన స్టాంపు విడుదల చేసింది. తీయించుకున్న దొరల పేర్లు ఎంతమందికి గుర్తున్నాయి?

ఇక మన కాలపు మనిషి, నెదర్లాండ్స్‌కు చెందిన ఇవాన్ బాన్. పేరున్న ఆర్కిటెక్టుల భవనాలు తీయడం ఆయన వృత్తి. బీజింగులో చైనా టెలివిజన్ భవనం కడుతున్నప్పుడు, దానితోపాటు అక్కడి కూలీలనూ తీశాడు. వెనిజులా రాజధాని కారకాస్‌లో 45 అంతస్తుల టవరు ఒకటి 1990లలో బ్యాంకుల సంక్షోభం వల్ల మధ్యలో ఆగిపోయింది. 2007 నుంచి ఇళ్లులేని కుటుంబాలు అందులో చేరి, ఇటుకలు పేర్చి గదులు కట్టుకున్నాయి. లిఫ్టు లేదు. బాన్ ఆ కాపురాలను ఫొటో తీశాడు. ఆ టవరుపై చేసిన పనికి 2012లో వెనిస్ ఆర్కిటెక్చర్ ప్రదర్శనలో ఆయనకూ, సహచరులకూ గోల్డెన్ లయన్ బహుమతి వచ్చింది. 2014లో ప్రభుత్వం ఆ కుటుంబాలను వేరేచోటికి తరలించడం మొదలుపెట్టింది. ఆ ఇళ్లు ఇప్పుడు ఫొటోల్లోనే ఉన్నాయి.

ఇది చదివినప్పుడు నాకు మన ఇళ్లే గుర్తొచ్చాయి. మనలో చాలామంది అమ్మానాన్నలు బిల్డింగు పనికి వలసపోయినవాళ్లే. బ్రోచరులో అపార్టుమెంటు ఉంటుంది. పక్కన వాళ్లు పడుకున్న రేకుల షెడ్డు ఉండదు. ఆ షెడ్డును బిల్డరు వేయించుకోడు. అది చూసిన కన్ను ఉన్నవాడే తీయాలి.

అలాగని తీసుకున్న డబ్బుకు అన్యాయం చేయకూడదు. అడిగిన ఫొటో అడిగినట్టు, బాగా తీసివ్వాలి. ఏ వైపు నుంచి తీయాలో చెప్పే హక్కు అతనికి ఉంది. ఇంటి ముందున్న మురుగుకాలువను కంప్యూటరులో చెరిపేయమంటే మాత్రం ఒప్పుకోకూడదు. అప్పుచేసి ఆ ఇల్లు కొనేవాడు మోసపోతాడు.

ఇంకో మాట. 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షను ప్రకారం, డబ్బిచ్చి తీయించుకున్న ఫొటోకు, వేరే ఒప్పందం లేకపోతే, తీయించుకున్నవాడే మొదటి హక్కుదారు. కాబట్టి మనకోసం తీసుకునేవాటి సంగతి ముందే మాట్లాడి కాగితం మీద రాయించుకోవాలి. మొహమాటపడితే మన పని మనది కాకుండా పోతుంది.

చివరగా ఒక కోరిక. వార్షికోత్సవం రోజు అందరం గేటు ముందు ముఖ్య అతిథితో ఫొటో దిగుతాం. అది ఉండాల్సిందే. వచ్చే సంచికకు ఎవరైనా వంటగదిలోకి వెళ్లి, తెల్లవారుజామున మనకోసం పొయ్యి వెలిగించే అక్కలను, మసిపట్టిన ఆ గోడను కూడా ఒక ఫొటో తీయండి. అది తీయమని మీకెవరూ చెప్పరు.