బ్యాటరీని ఖాళీ చేయుట మేలా?

సంపాదకులకు,

యూపీఎస్ బ్యాటరీని నెలకొకసారి పూర్తిగా ఖాళీ చేసినచో దాని ఆయువు పెరుగునని గత సంచికలోని వ్యాసకర్త సెలవిచ్చిరి. అది వెనుకటి నికెల్-కాడ్మియం బ్యాటరీలకు చెప్పుచుండిన మాట. మన బల్లల క్రింది చిన్న యూపీఎస్‌లలో సాధారణముగా నుండునది 12 వోల్టుల సీల్డు లెడ్-ఆసిడ్ బ్యాటరీ. దీనిని అడుగంట వాడి, వెంటనే చార్జి చేయక విడిచినచో, పలకలమీద లెడ్ సల్ఫేటు గట్టిపడి, ధారణశక్తి క్రమముగా క్షీణించును. అప్పుడప్పుడు కొద్ది నిమిషములు కరెంటు తీసి పరీక్షించుట చాలును. తక్కిన కాలమంతయు నిండు చార్జిలో నుండుటయే దానికి హితము.

అసలు శత్రువైన వేడిమిని గూర్చి వ్యాసమున ఒక్క మాటైనను లేదు. 25 డిగ్రీల సెల్సియస్‌కు పైని, ఇంచుమించు ప్రతి పది డిగ్రీలకును ఈ బ్యాటరీ ఆయువు సగమగును. మూడు నుండి ఐదేండ్లు మన్నదగినది, మా పల్నాటి వేసవిలో, గాలి చొరని మూలను గోడకానించి, పైన దస్త్రములు పేర్చినచో, రెండేండ్లకే ఉబ్బుటలో ఆశ్చర్యమేమి? (ఉబ్బినదానిని సైతము, ఇంకను పనిచేయుచున్నది గదా యని, మార్చక కొనసాగించు ధైర్యశాలురను ఎరుగుదును.)

లేజర్ ప్రింటరును కూడ యూపీఎస్‌కే తగిలింపవచ్చునని వ్యాసకర్త యనుట మరియొక సాహసము. అది వేడెక్కునపుడు లాగు విద్యుత్తును చిన్న యూపీఎస్ భరింపజాలదు.

ఇట్లు,
ఒక ఇంటర్నెట్ కేంద్ర నిర్వాహకుడు,
రెంటచింతల