వసిష్ఠుడు లేని పాఠశాల

యోగవాసిష్ఠములోని వైరాగ్య ప్రకరణమును పారాయణము చేయు భక్తులు శ్రీరాముని వైరాగ్యమును కొనియాడుదురు. దానికి ముందున్న చిన్న ఘట్టమును మాత్రము త్వరగా దాటిపోవుదురు. తీర్థయాత్ర ముగించి వచ్చిన రాముడు ఇంకను పదునారేండ్లు నిండని బాలుడు. క్రమముగా కృశింపసాగెను. ఆహారమునందు రుచి పోయినది. ఏకాంతమున మౌనముగా కూర్చుండెడివాడు. దశరథుడు ఒడిలో కూర్చుండబెట్టుకొని నీ దుఃఖమేమి నాయనా యని యడిగినను, ఏమియు లేదనుటయే సమాధానము.

ఈ 'ఏమియు లేదు' అను మాటను విననట్టి తల్లిదండ్రులు నేడు ఎందరున్నారు?

పిమ్మట విశ్వామిత్రుడు వచ్చెను. రాముని సభకు రప్పించిరి. అచ్చట ఆ బాలుడు మనసు విప్పి సర్గల పర్యంతము మాటలాడెను. సంపదయందు, ఆయువునందు, యౌవనమునందు సారము కనబడుట లేదనెను. రాజకుమారుడవు, నీకేమి తక్కువ యని ఎవ్వరును వారింపలేదు. అతడు చెప్పవలసినదంతయు చెప్పిన తరువాతనే వసిష్ఠుని ఉపదేశము ప్రారంభమైనది.

ఈ క్రమమును నేను చాల కాలము గమనింపలేదు. కొన్నేండ్ల క్రిందట ఒక రెసిడెన్షియల్ కళాశాలలో గీతాప్రసంగము చేసితిని. ముగిసిన పిదప ఒక విద్యార్థి నా వెంట కారు వరకు వచ్చి, "ఫలమును ఆశించకూడదంటిరి గదా స్వామీ, మరి ర్యాంకు రానివాడు ఎందుకు బ్రతకవలెను?" అని యడిగెను. నేను నిష్కామకర్మను రెండు నిమిషములలో వివరించి, ఆశీర్వదించి, కారెక్కితిని. ఆ బాలుడు వారములుగా సరిగా తినుట లేదని, నిద్రించుట లేదని తరువాత తెలిసినది. దైవానుగ్రహమున తండ్రి సకాలమున వచ్చి ఇంటికి తీసికొనిపోయి వైద్యము చేయించెను. అతడు నన్నడిగినది తత్త్వప్రశ్న కాదు. దానిని గుర్తించు శిక్షణ నాకు లేదు.

ఆ శిక్షణ గలవారినే పాఠశాల మనస్తత్త్వ నిపుణులనుచున్నాము. 2022వ సంవత్సరములో మన దేశమున 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసికొనిరని జాతీయ నేర గణాంకములు చెప్పుచున్నవి. అదే సంవత్సరమున పరీక్షలో వైఫల్యము కారణముగా నమోదైన మరణములు 2,248. విశాఖపట్టణమున నీట్ పరీక్షకు సిద్ధమగుచు 2023లో మరణించిన ఒక విద్యార్థిని తండ్రి వేసిన వ్యాజ్యమునందు సుప్రీంకోర్టు 2025 జూలై 25న తీర్పునిచ్చెను. నూరుగురు లేక అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థయు అర్హత గల కౌన్సెలరునో, మనస్తత్త్వ నిపుణునో, సామాజిక కార్యకర్తనో ఒకరినైనను నియమింపవలెనని ఆదేశించెను. మార్కులను బట్టి పిల్లలను వేర్వేరు బ్యాచులుగా విభజింపరాదనియు, నలుగురిలో అవమానింపరాదనియు అందే యున్నది. ఈ నియమములు పుట్టుటకు మన తెలుగునేలపై ఒక ఇంటి దీపము ఆరిపోవలసి వచ్చినది.

మన సత్సంగములలో ఒక ఆక్షేపణ తరచుగా వినబడును. పిల్లలకు గీత చెప్పించిన చాలును, జపము చేయించిన చాలును, ఈ పాశ్చాత్య పద్ధతులు మనకేల యని. గీతనే చూతము. రెండవ అధ్యాయారంభమున భగవానుడు అర్జునుని తీవ్రముగా మందలించెను. ఫలమేమి? అర్జునుడు యుద్ధము చేయనని పలికి మౌనము వహించెను. సాక్షాత్తు పరమాత్మ మందలింపునకే లేవని మనసు వార్డెను కేకలకు లేచునా? ఇక జపము మాట. చరకసంహిత చికిత్సను దైవవ్యపాశ్రయము, యుక్తివ్యపాశ్రయము, సత్త్వావజయము అని మూడుగా విభజించినది. మంత్రము, హోమము మొదటి కోవలోనివి. అహిత విషయముల నుండి మనసును మరల్చు చికిత్స మూడవది. ఒకటి యున్న వేరొకటి యక్కరలేదని భావించియుండిన ఋషి వానిని వేరువేరుగా ఏల లెక్కించును?

నిపుణుని పని దుఃఖితుని ఓదార్చుటతో ముగియదు. సోమరి, మొద్దు అని ముద్రపడిన బాలునకు నిజముగా నున్నది డిస్లెక్సియా వంటి అభ్యసన వైకల్యము కావచ్చును. దానిని పరీక్షించి తెలిసికొనువాడు ఆయనే. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టము దీనిని వైకల్యముగా గుర్తించినది. కావున ఆ బాలునకు పరీక్షలో అదనపు సమయము వంటి వెసులుబాటు లభింపగలదు. ఎన్ని దెబ్బలు తిన్న పిదప ఈ సంగతి బయటపడుచున్నదో తలచిన హృదయము ద్రవించును.

అయితే కౌన్సెలరు పేరిట జరుగు ప్రతిదానిని నేను సమర్థింపను. గణితోపాధ్యాయునకే ఆ బాధ్యతను కూడ అంటగట్టుట కంటితుడుపు. నిన్న మార్కులు తగ్గినవని కోపగించినవాని యెదుట నేడు ఏ బాలిక కన్నీరు పెట్టుకొనును? పిల్లలు చెప్పిన రహస్యమును యాజమాన్యమునకు చేరవేయువాడు అంతకన్న అపాయకారి. ప్రాణాపాయము, హింస వంటి సందర్భములందు తప్ప ఆ మాట ఆ గది దాటరాదు. మావంటి ప్రవచనకర్తలను ఆ కుర్చీలో కూర్చుండబెట్టుటయు తగదు. మేము మాటలాడుటకు అలవాటుపడినవారము, అచ్చట వినువారు కావలెను.

అర్ధరాత్రి వేళ ఏ గదియు తెరచియుండదు గనుక కేంద్రప్రభుత్వము వారి టెలీ మానస్ సంఖ్య 14416 ప్రతి హాస్టలు గోడమీద వ్రాసియుండవలెను. అది ఉచితము, తెలుగులోనే మాటలాడవచ్చును.

మొన్న వేరొక విద్యాసంస్థ వారు గీతాజయంతికి పిలిచిరి. వేదిక ఎక్కుటకు ముందు కౌన్సెలరు గది చూపుడని కోరితిని. తలుపుమీద చక్కని నామఫలకము కలదు. తాళముచెవి కొరకు చాలసేపు వెదకిరి. తెరచి చూడగా లోపల పాత జవాబుపత్రముల కట్టలు పైకప్పు దాక పేర్చియున్నవి.