మళ్ళీ లేచిన కథలు ఇక చాలు

మారథాన్ గురించి తెలుగులో ఈమధ్య కనిపిస్తున్నవన్నీ ఒకే కథ. ఎవరో ఒక పరుగులో దెబ్బతింటారు. మూడు పేరాల బాధ. తర్వాత ఇంకో ఊళ్ళో ఇంకో మారథాన్, మెడల్‌ని పళ్ళతో కొరుకుతున్న ఫొటో, చివర్న "పోయిన నమ్మకం తిరిగొచ్చింది" అని ఒక ముక్క. బడి గోడ మీద పడిలేచే కెరటం బొమ్మ చూస్తూ పెరిగినవాళ్ళం కదా, ఇంకోలా రాయడం మనకి చేతకావట్లేదు. వ్యక్తిత్వ వికాసం పుస్తకాల్ని వెక్కిరించే మనమే, అదే సరుకు స్పోర్ట్స్ షూ వేసుకుని వస్తే లైకు కొట్టి షేర్ చేస్తాం.

నా పేచీ శైలితో కాదు. ఈ కథ అబద్ధం. ఉత్త అబద్ధమైతే పోనీలే అనుకునేవాణ్ణి, ఇది తప్పెవరిదో ముందే తేల్చేసే అబద్ధం.

వాళ్ళు తరచూ చెప్పే పెద్ద ఉదాహరణే చూద్దాం. పౌలా రాడ్‌క్లిఫ్. 2003 లండన్‌లో 2 గంటల 15 నిమిషాల 25 సెకన్ల ప్రపంచ రికార్డు, 16 ఏళ్ళు ఎవరూ కదపలేకపోయారు. 2004 ఆగస్టు 22న ఏథెన్స్ ఒలింపిక్స్‌లో బంగారం ఆవిడదే అనుకున్నారంతా. మండే ఎండ, ఎగుడు దారి. సుమారు 36 కిలోమీటర్ల దగ్గర ఆగిపోయి రోడ్డు పక్కన కూర్చుని ఏడ్చింది. ఐదు రోజులకి 10,000 మీటర్లలోనూ మధ్యలో ఆగింది. మధ్యలో వదిలేసే మనిషి అన్న మాట సొంత దేశం పత్రికల్లోనే పడింది. పదకొండు వారాల తర్వాత, నవంబరు 7న, న్యూయార్క్ మారథాన్‌లో సూసన్ చెప్‌కెమెయిని కొద్ది సెకన్ల తేడాతో ఓడించి గెలిచింది. ఇంకేం, కెరటం లేచింది!

మరి ఏథెన్స్‌లో ఏం జరిగిందో ఆవిడే తర్వాత చెప్పింది. ముందే కాలికి గాయం. దానికి వాడిన వాపు మందులు పొట్టని పాడు చేశాయి, తిన్నది ఒంటికి పట్టలేదు. ఇందులో ధైర్యం ఎక్కడ తగ్గింది? న్యూయార్క్‌లో ఎక్కడ పెరిగింది? ఈ కథ చెప్పేవాళ్ళు 2008 బీజింగ్ దగ్గర ఎందుకో మాట మారుస్తారు. తొడ ఎముకలో పగులు వచ్చిన కొద్ది నెలలకే పరిగెత్తి 23వ స్థానంలో వచ్చిందక్కడ. అంతకుముందు ఏడాదే న్యూయార్క్ మళ్ళీ గెలిచింది, నమ్మకానికి లోటేమీ లేదు. ఎముక ఆ నమ్మకాన్ని ఖాతరు చెయ్యలేదు. ఒలింపిక్ పతకం ఆవిడకి ఎప్పటికీ రాలేదు.

నేను సర్వర్లు చూసుకునే ఉద్యోగం చేస్తాను. రాత్రి రెండింటికి సర్వర్ పడిపోతే దానికి సంకల్పబలం లేదని ఎవరూ అనరు. లాగ్స్ తీస్తాం, మెమరీ ఎక్కడ నిండిందో చూస్తాం, ఎవర్నీ నిందించకుండా పోస్ట్‌మార్టమ్ రాస్తాం. అదే ఆఫీసులో అప్రైజల్ వచ్చేసరికి మనిషికి మాత్రం "ఓనర్‌షిప్ లేదు" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. యంత్రానికి దక్కే మర్యాద ఇది, మనిషికి దక్కదు. ఈ మారథాన్ కథలు ఆ అప్రైజల్ భాషనే ఆదివారం పొద్దున కూడా మన నోట పలికిస్తున్నాయి.

రెండేళ్ళ కిందట ఆగస్టులో, హైదరాబాద్‌లో, 33వ కిలోమీటర్ నుంచి నేను నడిచాను. వర్షాకాలపు ఉక్కలో చెమట కారుతుంది కానీ ఆరదు, ఆరకపోతే ఒళ్ళు చల్లబడదు. గుండె కాళ్ళకీ రక్తం పంపాలి, చర్మానికీ పంపాలి. ఒంట్లో దాచుకున్న గ్లైకోజెన్ మామూలుగానే 30 కిలోమీటర్లు దాటేసరికి అడుగంటుతుంది. పైగా ఫ్లైఓవర్లు. ఇంత జరిగితే మా వాట్సాప్ గ్రూపులో వచ్చిన వివరణ: "గోడ నీ మనసులో ఉంది బ్రో." జనవరిలో ముంబైలో పరిగెత్తితే నలభై నిమిషాలు తక్కువ పట్టింది. "చూశావా, కాన్ఫిడెన్స్ వచ్చేసింది" అన్నారు. వచ్చింది చలికాలం.

ఇదంతా నవ్వుకుని వదిలేసే విషయమే అనుకునేవాణ్ణి. మా గుంపులో ఒక తమ్ముడున్నాడు, పాతికేళ్ళు నిండలేదు. ఒక పరుగు చెడితే, మూడు వారాలకే ఒంట్లో జ్వరం పెట్టుకుని ఇంకోటి పరిగెత్తాడు, నమ్మకం తిరిగి తెచ్చుకోవాలని. సెలైన్ ఎక్కించారు. ఆర్నెల్లు పరుగు బంద్. చూడ్డానికి వెళ్తే వాడు అడిగింది తనకేమైందని కాదు. "నేను భయపడ్డానా అన్నా?" అన్నాడు. ఆ ప్రశ్న వాడి నోట్లో పెట్టినవాళ్ళు ఎవరు? మనం షేర్ చేసిన ఆ పోస్టులే.

సాహిత్యం ఇంతకంటే నిజాయితీగా ఉంది. అలన్ సిల్లిటో 1959 కథ 'ది లోన్లీనెస్ ఆఫ్ ది లాంగ్ డిస్టెన్స్ రన్నర్'లో కుర్రాడు అందరికంటే ముందుండి కూడా, గెలుపు గీతకి ముందు కావాలనే ఆగిపోతాడు. తనని బంధించిన సంస్థ పెద్దకి ఆ కప్పు దక్కకూడదని. మురకామిని టీషర్టుల మీద అచ్చేసుకునేవాళ్ళు ఆయన పరుగు పుస్తకం నిజంగా చదివారా అని నా అనుమానం. 1996లో సరోమా సరస్సు దగ్గర 100 కిలోమీటర్లు పూర్తి చేశాక పరుగు మీద ఇష్టమే తగ్గిపోయిందని రాశాడాయన. పూర్తి చేశాక! వయసుతో టైములు పడిపోవడం గురించీ రాశాడు. మెడల్ కొరికి ముగించలేదు.

"మరి నువ్వు ముంబై ఎందుకు వెళ్ళావు?" అనొచ్చు మీరు. పొద్దున్నే సీలింక్ మీద, కార్లు లేకుండా, సముద్రం గాలికి పరిగెత్తడం బావుంటుందని. ఇంత చిన్న కారణం చెప్తే పోస్టు కాదు, నిజమే.

రాసేవాళ్ళకి ఒక విన్నపం. చెడిపోయిన పరుగుని, తర్వాతి పరుగు కోసం ఆగకుండా, దాన్ని దానిగా రాయండి. ఎంత ఉక్క, ఏం తిన్నారు, ఏ ఫ్లైఓవర్ దగ్గర కాళ్ళు పట్టేశాయి. ఆగిపోయినవాళ్ళని ఎక్కించుకునే బస్సు ఒకటి వెనకాల వస్తుంది చూడండి. అందులో ఒకాయన బూట్లు విప్పి బొబ్బలు చూసుకుంటుంటాడు, ఇంకొకావిడ ఇంటికి ఫోన్ చేసి ఇడ్లీ పిండి బయట పెట్టమంటుంది. ఆ బస్సు కథ తెలుగులో నేనింకా చదవలేదు.