దానమా, వంతా?

2025లో అమెరికా ప్రభుత్వము తన అంతర్జాతీయాభివృద్ధి సంస్థను మూసివేసి, ప్రపంచారోగ్యసంస్థనుండి వైదొలగుదునని నోటీసిచ్చినది. పరదేశముల కింత ధర్మమేల యని వారి వాదము. మనవారిలో ననేకులు ధనికుల దయాదాక్షిణ్యములను వేడుచు బదులు చెప్పుచున్నారు. ఉభయులదియు నొకటే పొరపాటు: ఈ ఖర్చును దానపద్దులో వ్రాసికొనుట.

మశూచికపు లెక్క చూడుడు. 1958లో సోవియట్ ప్రతినిధి విక్తర్ ఝ్దానోవ్ దానిని భూమిమీద లేకుండ జేయవలెనని ప్రపంచారోగ్యసభలో ప్రతిపాదించెను. 1967నుండి పని ముమ్మరముగా సాగెను. 1975లో మనదేశమునను, 1977లో సోమాలియాలోను అది ఆగిపోయెను. 1980 మే 8న లోకమునకు విముక్తి ప్రకటింపబడెను. 1967నుండి వ్యయము సుమారు 30 కోట్ల డాలర్లు. అందు వెలుపలినుండి వచ్చినది మూడవవంతు మాత్రమే. తక్కినది రోగపీడిత దేశములే భరించినవి. టీకామందు హైదరాబాదులోను, మద్రాసు గిండీలోను గూడ తయారైనది. ఇంటింట రోగిని వెదకినవారు మన ఆరోగ్యోద్యోగులే. పిదప ధనికదేశములకు టీకాల ఖర్చు, రేవులలో తనిఖీల ఖర్చు ఏటేట మిగిలినది. ఇచ్చినది ఎన్నిరెట్లో తిరిగి ముట్టినది. దీనిని ధర్మమని వ్రాసిన గుమాస్తాను ఏ న్యాయస్థానము నమ్మును?

మన పల్లెలలో కుడిమరామత్తు అను ఆచారముండెడిది. చెరువుగట్టుకు మన్నువేయు రైతు పొరుగువానికి దానము చేయుట లేదు. గట్టు తెగినచో వాని మడియు మునుగును. వంతుకు రానివానివద్ద పనివెల రాబట్టుటకు 1858లో మద్రాసులో చట్టముగూడ పుట్టెను. అందలి నిర్బంధము నాకు రుచింపదు, మూలసూత్రము రుచించును.

జాతీయాదాయములో నూటికి 0.7 వంతు పేదదేశముల యభివృద్ధికి ఇయ్యవలెనని 1970లో ఐక్యరాజ్యసమితి తీర్మానించెను. చెల్లించినవి కొన్ని దేశములే. అంటురోగముల నిఘాకగు ఖర్చును ఆ పద్దులోనే చూపి, బడికిని మంచినీటికిని ఇయ్యవలసినది తగ్గించుట రెండవ యన్యాయము.

ప్రపంచారోగ్యసంస్థ రాబడిలో విధిగా చెల్లించు చందా చిన్నభాగము; పెద్దభాగము దాతల షరతులతో వచ్చునది. కావుననే ఒక్కరు అలిగినచో ఇల్లంతయు కదలుచున్నది. ఈ చందాను క్రమముగా మూల బడ్జెటులో సగమునకు తెచ్చుటకు సభ్యదేశములు 2022లో నొప్పుకొన్నవి. 2025 మేలో నూటికి ఇరువది పెంచినవి. ఆ పెంపులో మన వంతును ఢిల్లీ ప్రభుత్వము గడువులోగా చెల్లించవలెను. అప్పుడు సభలో లేచి తక్కినవారి బాకీలను చదువుటకు మన ప్రతినిధికి నోరుండును.