డబ్బా మీద ఒక్క అక్షరం

పుదుచ్చేరి నుంచి చెన్నై వెళ్లే ఈస్ట్ కోస్ట్ రోడ్డులో పది కిలోమీటర్లు దాటగానే కాలాపేట వస్తుంది. తెలుగువాళ్లలో చాలామందికి ఈ ఊరి పేరు తెలిసింది 1985లో ఏర్పడిన కేంద్రీయ విశ్వవిద్యాలయం వల్లే. అక్కడి నుంచి కాస్త తూర్పుకు నడిస్తే సముద్రం, ఇసుక మీద ఫైబర్ పడవలు. ఇసుక అనడం కూడా మర్యాదకే. 1980ల చివర్లో పుదుచ్చేరి రేవుకు రాతి గోడలు కట్టిన తర్వాత ఉత్తరం వైపు తీరం కోతకు గురవుతూ వచ్చింది. పడవ లాగి పెట్టుకునే చోటు తగ్గిపోవడం ఇక్కడి మత్స్యకారుల పాత గోడు.

ఈ తీరంలో పడవలకు బిగించే యంత్రాలు ప్రధానంగా రెండు రకాలు. పొడుగాటి ఇరుసుతో ఉండే డీజిల్ ఇంజిన్లు ఒకటి, పెట్రోలుతో నడిచే ఔట్‌బోర్డ్ మోటార్లు రెండోది. డీజిల్ సంగతి వేరు. పెట్రోలు మోటారులో ఏ ఆయిల్ పోయాలన్నదే ఈ వారం విషయం. రాజనీతి శాస్త్రం చదివినవాడికి ఇంజిన్ ఆయిల్‌తో ఏం పని అనుకునేవారు కాస్త ఓపిక పట్టాలి. చివరికి ఇది ప్రభుత్వం దగ్గరికే వెళ్తుంది.

కట్టుమరానికి తెరచాప ఉండేది. గాలి ఉంటే ఒడ్డుకు చేరవచ్చన్న భరోసా ఉండేది. ఫైబర్ పడవకు ఇంజిన్ తప్ప వేరే దిక్కు లేదు. తీరం కనిపించనంత దూరంలో పిస్టన్ పట్టేసిందంటే వల, చేపలు, మోటారు సరే, పడవలో ఉన్న నలుగురూ పక్క పడవ కంటబడేదాకా కొట్టుకుపోవలసిందే.

తీరంలో ఎక్కడ అడిగినా మొదట వినిపించే మాట ‘ఆయిలు ఆయిలే కదా సార్’ అని. తప్పేమీ లేదు. బజాజ్ చేతక్ తరం మొత్తానికి పెట్రోల్ బంకులో టూటీ ఆయిల్ కలిపించుకోవడం అలవాటే. సగం ఔట్‌బోర్డ్ కథ కూడా అదే. టూస్ట్రోక్ మోటారుకు వేరే ఆయిల్ తొట్టి ఉండదు. పెట్రోలులో కలిసి వెళ్లిన ఆయిలే బేరింగులను, సిలిండర్‌ను తడిపి, ఆ తర్వాత తానూ కాలిపోతుంది. చాలా మోటార్లకు 50 పాళ్ల పెట్రోలుకు ఒక పాలు ఆయిల్, అంటే 10 లీటర్లకు 200 మిల్లీ లీటర్లు. కొత్త ఇంజిన్‌కు తొలి గంటల్లో దానికి రెట్టింపు. ఎక్కువ పోస్తే ఇంకా మంచిదనుకోవడం వట్టి భ్రమ. ప్లగ్గు మసి పట్టి, అలల మధ్య ఎన్నిసార్లు తాడు లాగినా మోటారు అందుకోదు.

అసలు తేడా పాళ్లలో లేదు, రకంలో ఉంది. స్కూటర్ ఇంజిన్ గాలికి చల్లబడుతుంది, బాగా వేడెక్కుతుంది. ఆ వేడిలో పేరుకునే మసిని కడగడానికి దాని ఆయిల్‌లో కాల్షియం వంటి లోహపు లవణాలు కలుపుతారు. అవి కాలితే బూడిద మిగులుతుంది. ఔట్‌బోర్డ్ మోటారు సముద్రపు నీటినే పీల్చుకుని చల్లబడుతుంది. స్కూటర్ కంటే చల్లగా ఉంటుంది, కానీ గంటల తరబడి పూర్తి వేగంతో తిరుగుతుంది. స్కూటర్‌కు ఎర్ర దీపాలూ దిగుడు వాలులూ ఉంటాయి, పడవకు ఆ విశ్రాంతి లేదు. ఇక్కడ ఆ బూడిద పిస్టన్ తల మీద, ప్లగ్గు కొన మీద పేరుకుని నిప్పుకణికలా పనిచేస్తుంది. స్పార్క్ రాకముందే ఇంధనం అంటుకుంటుంది, చివరికి పిస్టన్‌కే చిల్లి పడవచ్చు. అందుకే పడవల ఆయిల్‌ను బూడిద మిగలకుండా తయారు చేస్తారు. డబ్బా మీద ‘టీసీ-డబ్ల్యు3’ అని ఉంటుంది. అమెరికాలోని పడవల తయారీదారుల సంఘం ఇచ్చే ముద్ర అది. బైకు ఆయిల్ మీద వట్టి ‘టీసీ’ అని ఉండవచ్చు. ఆ ‘డబ్ల్యు’ అంటే నీటితో చల్లబడేదని అర్థం.

చిక్కేమిటంటే, ఆయిల్ డబ్బాల మీద ఇంకో ‘డబ్ల్యు’ కూడా ఉంది. ‘10డబ్ల్యు-30’లోని డబ్ల్యుకు అర్థం చలికాలం. రాత్రి ఉష్ణోగ్రత 20 డిగ్రీల దగ్గరే ఆగిపోయే కాలాపేటలో మొదటి అంకెకు పెద్దగా పని లేదు, వేడెక్కిన ఇంజిన్‌లో ఆయిల్ ఎంత చిక్కగా నిలుస్తుందో చెప్పే రెండో అంకె చూసుకోవాలి. ఈ అంకెలు ఫోర్‌స్ట్రోక్ మోటార్లకు సంబంధించినవి. కారులో మాదిరే వీటికి ఆయిల్ తొట్టి ఉంటుంది కాబట్టి కారు ఆయిలే పోసేస్తుంటారు. కారు ఆయిల్‌లో సైలెన్సర్ దగ్గరి ఉత్ప్రేరకం పాడవకూడదని అరుగుదలను ఆపే ఫాస్ఫరస్ తగ్గిస్తారు. తుప్పు విషయంలో ఉప్పుగాలిని లెక్కలోకి తీసుకోరు. పడవల ఫోర్‌స్ట్రోక్ ఆయిల్‌కు 2004లో ‘ఎఫ్‌సీ-డబ్ల్యు’ అనే ప్రమాణం వచ్చింది. ఉప్పునీటి ఆవిరిలో తుప్పు పరీక్ష, 100 గంటల ఇంజిన్ పరీక్ష దాటితేనే ఆ ముద్ర. చిక్కదనం ఎంత ఉండాలన్నది మాత్రం మోటారు మాన్యువలే చెప్పాలి.

ఆ మాన్యువల్‌లోనే ఇంకో తిరకాసు ఉంది. ఆయిల్ ప్రతి 100 గంటలకు లేదా ఏడాదికోసారి మార్చమని అందులో రాస్తారు. అమెరికాలో సెలవు రోజున సరస్సులో తిరిగే ఆసామికి 100 గంటలు గడవడానికి రెండు వేసవులు పట్టవచ్చు. రోజుకు ఆరు గంటలు మోటారు తిప్పే మత్స్యకారుడికి 17 రోజుల్లో గడిచిపోతాయి. ‘ఏడాదికోసారి’ అన్న మాట పట్టుకున్నవాడు ఇరవై సార్లు మార్చాల్సిన ఆయిల్‌ను ఒక్కసారి మారుస్తున్నాడన్నమాట. పుస్తకం ఇంగ్లిష్‌లో ఉంది, అది ఊహించుకున్న పాఠకుడు కాలాపేటలో లేడు.

ఇప్పుడు ప్రభుత్వం సంగతి. పెట్రోలులో 20 శాతం ఎథనాల్ కలపాలన్న లక్ష్యాన్ని మొదట 2030కి పెట్టుకున్న కేంద్రం, 2025లోనే దాన్ని అందుకుంది. ఎథనాల్ లేని పెట్రోలు ఎంచుకునే వీలు కల్పించాలన్న పిటిషన్‌ను 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు కొట్టివేసింది. చర్చంతా కార్లు, బైకుల మైలేజీ చుట్టూనే తిరిగింది. పడవల ఊసెత్తినవారు అరుదు. ప్రధాన ఔట్‌బోర్డ్ కంపెనీల మాన్యువళ్లు ఒప్పుకునేది మామూలుగా 10 శాతం వరకే. అమెరికాలో 15 శాతం ఎథనాల్ పెట్రోలు పోసే పంపు మీద పడవల్లో వాడరాదని హెచ్చరిక అంటించి తీరాలి.

కారణం నీరు. ఎథనాల్ గాలిలోని తేమను లాక్కుంటుంది. కొంతవరకు ఆ నీరు పెట్రోలులో ఇమిడిపోతుంది. 10 శాతం ఎథనాల్ ఉన్న లీటరు పెట్రోలు సుమారు 5 మిల్లీ లీటర్ల నీటిని మోయగలదు, 20 శాతమైతే ఇంకాస్త ఎక్కువే. హద్దు దాటినా, రాత్రి చల్లబడినా నీరూ ఎథనాలూ కలిసి అడుగుకు దిగిపోతాయి. ఆయిల్ పెట్రోలుతో పాటు పైనే ఉండిపోతుంది. మోటారు గొట్టం ఇంధనాన్ని పీల్చేది అడుగు నుంచి. అంటే టూస్ట్రోక్ మోటారుకు అందేది ఆయిల్ చుక్క లేని ద్రవం. ఎంత ఖరీదైన టీసీ-డబ్ల్యు3 కలిపినా అప్పుడు దండగే. మూత సరిగా బిగుసుకోని ట్యాంకు, చుట్టూ ఎగిసే నీళ్లు, ఉప్పుగాలి. ఇంతకంటే తేమ ఎక్కడుంటుంది? అనుమానమొస్తే ట్యాంకు అడుగు నుంచి కాస్త గాజు సీసాలోకి తీసి కదపకుండా ఉంచాలి. అడుగున వేరే పొర కనిపిస్తే ఆ ట్యాంకు మోటారుకు పెట్టకూడదు. నీటిని వేరుచేసే ఫిల్టర్ గిన్నెను వేటకు వెళ్లే ముందు విప్పి చూసుకోవడమూ అవసరమే.

మంచి ఆయిల్ వాడినా టూస్ట్రోక్ మోటారుకు ఇంకో దోషం ఉంది. పాత కార్బురేటర్ రకాల్లో పావు వంతు దాకా ఇంధనం మండకుండానే, ఆయిల్‌తో సహా, నీళ్లలోకి పోతుంది. కాలిఫోర్నియా-నెవాడా సరిహద్దులోని తాహో సరస్సులో 1999లోనే ఇలాంటి వాటిని నిషేధించారు. చేప మీద బతికేవాడి పడవే చేపల నీళ్లలో ఆయిల్ వదలడం విచిత్రమే. కానీ ఫోర్‌స్ట్రోక్ బరువెక్కువ, ధర ఎక్కువ, మరమ్మతు కష్టం. చేతులతో పడవను ఇసుక మీదికి లాగే ఊళ్లో బరువు చిన్న విషయం కాదు.

సంప్రదాయ పడవలకు మోటారు పెట్టుకోవడానికి ఏళ్ల తరబడి సబ్సిడీ ఇచ్చారు. 2020లో మొదలైన ప్రధాన్ మంత్రి మత్స్య సంపద యోజన కింద పడవలకూ వలలకూ సాయం ఉంది. ఆయిల్ ఎంపిక, నీరు చేరిన పెట్రోలు, 100 గంటల లెక్క లాంటివాటిని ఒక పేజీలో అచ్చు వేసి, కాలాపేటకు తమిళంలో, అదే పుదుచ్చేరి పాలనలో గోదావరి ఒడ్డున ఉన్న యానాంకు తెలుగులో పంచడానికి పెద్ద పథకం అక్కర్లేదు. బంకుల్లో ఎథనాల్ పాలు పెంచిన ప్రభుత్వమే, ఆ పెట్రోలుతో సముద్రంలోకి వెళ్లేవాళ్లకు ఏం మారిందో చెప్పాలి. చెప్పకపోతే తప్పు మెకానిక్ మీదికి, మెకానిక్ నుంచి ఆయిల్ మీదికి జరుగుతుంటుంది.

ఆంధ్ర తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజుల వేట నిషేధం మర పడవలకూ వర్తిస్తుంది. ఆయిల్ కలిపిన పెట్రోలును అన్నాళ్లు ట్యాంకులో వదిలేస్తే జూన్‌లో అడుగున ఏముంటుందో ఊహించవచ్చు. నిషేధానికి ముందురోజే ట్యాంకు, కార్బురేటర్ ఖాళీ చేసి, మంచినీళ్లతో మోటారు లోపలి ఉప్పు కడిగి, ప్లగ్గు విప్పి సిలిండర్‌లో కాస్త ఆయిల్ పోయాలి. పనిలో పనిగా కింది గేర్ కేసు స్క్రూ కూడా వదులు చేసి చూడాలి. బయటికొచ్చే గేర్ ఆయిల్ పాలలా తెల్లగా ఉంటే సీలు పోయి నీళ్లు చేరినట్టే.